కొవ్వు కరిగించే సూదిమందు – తెలుసుకోవలసిన సంగతులు



వార్షికోత్సవ సంచికకు ఆరోగ్యం మీద ఒక పాఠం రాసి పంపమని వార్డెన్ మేడం ఫోన్ చేసినప్పుడు మొదట రక్తహీనత గురించి రాద్దామనుకున్నాను. అది ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, రాయాల్సిందే కూడా. కాని మన హాస్టల్లోనే చదివిన ఒక చెల్లెలికి నిరుడు జరిగిన సంగతి చూశాక, ముందు ఇది చెప్పాలనిపించింది. ఆ అమ్మాయిది పుంగనూరు పక్కన పల్లె. పేరు రాయవద్దంది, రాయను. సంగతి మాత్రం తప్పకుండా రాయమంది.

నేను ఆరో తరగతి నుంచి పది వరకు మదనపల్లె హాస్టల్లో ఉన్నాను. తర్వాత నర్సింగ్ చదివి, ఇప్పుడు బెంగళూరులో ఒక ఆస్పత్రి డ్రెస్సింగ్ గదిలో పని చేస్తున్నాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో చదివినవాళ్లు ఎంతమంది బెంగళూరులో ఉన్నారో మీకు తెలుసు. కుప్పంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే దిగే ఊరు. బట్టల షాపుల్లో, మాల్స్‌లో, కాల్ సెంటర్లలో, ఆస్పత్రుల రిసెప్షన్‌లో మన పిల్లలు కనబడుతూనే ఉంటారు. వాళ్ల అద్దె గదుల పక్కనుండే బ్యూటీ పార్లర్ల మీద ఇప్పుడు ఒక కొత్త బోర్డు వచ్చింది. ఆపరేషన్ లేకుండా, కోత లేకుండా, సూదితో కొవ్వు కరిగిస్తారట. గడ్డం కింద, పొట్ట, నడుము, తొడలు, చేతులు, ఎక్కడంటే అక్కడ. ఈ పాఠం ఆ సూది గురించే.

కొవ్వు ఎందుకుంది?

పుంగనూరు ఆవును చూడనివాళ్లు మనలో తక్కువ. మూడడుగుల పొట్టి ఆవు. మామూలు ఆవు పాలలో వెన్న మూడు, నాలుగు శాతం ఉంటే దీని పాలలో ఎనిమిది శాతం వరకు ఉంటుందని చెబుతారు. పాల కేంద్రంలో ఫ్యాట్ ఎంత ఎక్కువ వస్తే రేటు అంత ఎక్కువ. పాలలో వస్తే డబ్బులిచ్చే కొవ్వుకు, ఆడపిల్ల నడుము దగ్గర వస్తే మాటలు పడాలి. మెస్‌లో పలుచటి చారు పోసుకుని తిన్న మనకు "లావైపోయావే" అనే మాట వినబడే రోజు వస్తుందని అప్పట్లో ఎవరనుకున్నారు!

కొవ్వు మన శరీరానికి శత్రువు కాదు. తిండి లేని రోజు కోసం దాచుకున్న ఇంధనం అది. ఒక కిలో శరీరపు కొవ్వులో దాదాపు 7,700 కిలోక్యాలరీల శక్తి ఉంటుంది. దెబ్బ తగిలితే మెత్తగా ఆపుతుంది, చలి నుంచి కాపాడుతుంది. 1994లో లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నాక, కొవ్వు ఊరికే కూర్చున్న మూట కాదనీ, ఆకలి సంగతి మెదడుకు కబురు పంపే అవయవమనీ తెలిసింది. ఆడపిల్లల్లో కొవ్వు మరీ తగ్గిపోతే నెలసరి కూడా ఆగిపోతుంది. చదువుల ఒత్తిడిలో తిండి మానేసే చెల్లెళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

కొవ్వు కణాల గురించి ఒక చక్కటి ప్రయోగం ఉంది. స్వీడన్‌లో కిర్స్టీ స్పాల్డింగ్ అనే శాస్త్రవేత్త బృందం 2008లో ప్రచురించింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ను గుర్తుగా వాడుకుని, మనుషుల కొవ్వు కణాలు ఎప్పుడు పుట్టాయో వాళ్లు లెక్కగట్టారు. తేలిందేమంటే, కొవ్వు కణాల సంఖ్య చిన్నతనంలో, యవ్వనంలో పెరిగి, పెద్దయ్యాక దాదాపు అలాగే ఉంటుంది. ఏటా సుమారు పదో వంతు చచ్చి, అన్నే కొత్తవి పుడతాయి. పెద్దవాళ్లు సన్నబడినప్పుడు కణాలు పోవు, ఒక్కొక్కటీ చిన్నదవుతుంది. లావైతే ఉబ్బుతుంది. ఈ సంగతిని వాడుకునే సూది అమ్ముతారు: "కణాన్నే చంపేస్తాం, ఇక తిరిగి రాదు" అని. అందులో కొంత నిజముంది. కాని చావకుండా మిగిలిన కణాలు ఉబ్బవచ్చు కదా, ఆ మాట బోర్డు మీద ఉండదు.

ఇంకో సంగతి కూడా అర్థం చేసుకోవాలి. వేళ్లతో పట్టుకుంటే దొరికే కొవ్వు చర్మం కింద ఉంటుంది. పేగుల చుట్టూ, కాలేయం దగ్గర పేరుకునేది వేరే. చక్కెర జబ్బుకు, గుండె జబ్బుకు ఎక్కువగా దారితీసేది లోపలిదే. పూణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫోటోలే వేసుకున్నారు. ఇద్దరికీ ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఒక్కటే, 22.3. కాని యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండే మన భారతీయుల్లో కొవ్వు ఎక్కువ ఉండవచ్చని చెప్పడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ నేను చూడలేదు. అందుకే మనవాళ్లకు నడుము కొలత హద్దు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 అని డాక్టర్లు పెట్టుకున్నారు. కొవ్వు కరిగించే సూది చర్మం కిందికే వెళుతుంది. లోపలి కొవ్వును అది తాకదు, తాకకూడదు. అంటే ఆ సూదితో చక్కెర జబ్బు తగ్గదు, బరువూ తగ్గదు. మారేది ఆకారం ఒక్కటే.

ఆదివారం ప్లేటు

ఇప్పుడు మందు ఎలా పని చేస్తుందో చూద్దాం. ఆదివారం కోడికూర తిన్నాక కొళాయి దగ్గర ప్లేటు కడగడం గుర్తుందా? ఉత్త నీళ్లు పోస్తే జిడ్డు పోదు. సబ్బు పొడి వేసి రుద్దితే పోతుంది. సబ్బు కణంలో ఒక కొస నీళ్లను, ఇంకో కొస నూనెను పట్టుకుంటుంది. జిడ్డు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లతో కొట్టుకుపోతుంది.

మన కడుపులోనూ ఇలాంటి సబ్బు ఉంది. అదే పైత్యరసం. కాలేయం తయారుచేసే పైత్యరస ఆమ్లం ఒకటి పేగుల్లోని బ్యాక్టీరియా వల్ల మార్పు చెంది డీఆక్సీకోలిక్ ఆమ్లం అవుతుంది. మనం తిన్న నూనెను విడగొట్టి అరిగేలా చేయడం దీని పని. పైత్యరస ఆమ్లాల మీద చేసిన పరిశోధనకే జర్మనీకి చెందిన హైన్రిచ్ వీలాండ్‌కు 1927 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎద్దుల పైత్యరసం నుంచి తీసిన ఇదే ఆమ్లంతో మొదలుపెట్టి 1940లలో మెర్క్ కంపెనీలో కార్టిసోన్ తయారుచేశారు. ఇప్పుడు సూదిలో వాడేది జంతువుల నుంచి తీసింది కాదు, ప్రయోగశాలలో తయారైనది.

పేగులో ఉన్నంతవరకు ఇది మేలు చేసే ద్రవం. దాన్నే చర్మం కింద కొవ్వులోకి ఎక్కిస్తే కొవ్వు కణం పైపొరను కరిగించేస్తుంది. ఆ పైపొర కూడా కొవ్వు పదార్థమే కదా. పొర చిరిగితే కణం చస్తుంది, లోపలి కొవ్వు బయటికి ఒలుకుతుంది. అప్పుడు తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, వాపు వచ్చి, కొన్ని వారాల పాటు ఆ చెత్తను ఎత్తిపోస్తాయి. ఆ చోట కొంత గట్టి పోగులాంటి కణజాలం మిగులుతుంది. కాబట్టి "కరుగుతుంది" అనే మాట వెన్న కరిగినట్టు ఊహించుకోకండి. అది ఒక చిన్న కావాలని చేసిన గాయం. గాయం మానే పద్ధతిలోనే కొవ్వు తగ్గుతుంది.

మరి చర్మం, కండ ఎందుకు చావవు అని తెలివైనవాళ్లు అడుగుతారు. వాటిలో మాంసకృత్తులు ఎక్కువ. రక్తంలోని ఆల్బుమిన్ వంటి మాంసకృత్తులు ఈ ఆమ్లాన్ని పట్టుకుని దాని పదును తగ్గిస్తాయి. కొవ్వులో మాంసకృత్తులు తక్కువ కాబట్టి అక్కడ పదును అలాగే ఉంటుంది. అంతమాత్రాన మిగతావి క్షేమమని కాదు. సూది పైపైన దిగితే చర్మం నల్లబడి పుండవుతుంది. నరం మీద పడితే నరం దెబ్బతింటుంది. రక్తనాళంలోకి పోతే అది రక్తం అందించే చర్మమే చచ్చిపోవచ్చు. సబ్బుకు ఇది కొవ్వు, ఇది నరం అని తెలియదు. తెలియాల్సింది సూది పట్టుకున్న చేతికి.

ఈ మందు ఎలా పుట్టింది?

ఈ కథ సైన్స్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు బాగా పనికొస్తుంది. చర్మం కింద చిన్న సూదులతో మందు వేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో మిషెల్ పిస్టర్ అనే డాక్టర్ 1952లో మొదలుపెట్టాడు. దాన్నే మీసోథెరపీ అంటారు. ఆయన చూసింది నొప్పుల వైద్యం, కొవ్వు కాదు. వేరే దారిలో జర్మనీలో లైపోస్టాబిల్ అనే మందు ఉండేది, నరానికి ఎక్కించేవారు. అందులో సోయా నుంచి తీసిన ఫాస్ఫాటిడిల్ కోలిన్ అసలు మందు. అది నీళ్లలో కలవదు కాబట్టి, కలపడానికి డీఆక్సీకోలిక్ ఆమ్లపు ఉప్పు కొంచెం వేసేవారు. బ్రెజిల్‌లో పాట్రీషియా రిట్టెస్ అనే డాక్టర్ దాన్ని కళ్ల కింది ఉబ్బు మీద వేసి, ఫలితాలు 2001లో ప్రచురించింది. ఇక చూడండి, దేశదేశాల్లో పొట్టకు, తొడలకు వేయడం మొదలైంది. బ్రెజిల్ ప్రభుత్వమే దాన్ని అందం కోసం వాడకూడదని నిషేధించాల్సి వచ్చింది.

అందరూ కొవ్వును కరిగిస్తున్నది సోయా పదార్థమే అనుకున్నారు. 2004లో అమెరికాలో రొటుండా, కొలోడ్నీ అనే డాక్టర్లూ వాళ్ల తోటివాళ్లూ ఒక చిన్న పని చేశారు. సోయా పదార్థం ఉన్న ద్రవాన్నీ, అది లేకుండా ఉత్త డీఆక్సీకోలిక్ ద్రవాన్నీ విడివిడిగా కణాల మీద వేసి చూశారు. రెండూ ఒకేలా చంపాయి! కలపడానికి వేసిన సబ్బే అసలు పని చేస్తోంది. మనం ప్రాక్టికల్స్‌లో కంట్రోల్ అని ఒక పరీక్షనాళిక పక్కన పెట్టి, దాన్ని రికార్డులో రాయడానికి బద్ధకిస్తాం చూడండి, ఆ పరీక్షనాళిక విలువ ఇదే.

ఆ తర్వాత ఉత్త డీఆక్సీకోలిక్ ఆమ్లాన్నే మందుగా పరీక్షించారు. అమెరికా, కెనడాల్లో జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో 1,022 మంది పాల్గొన్నారు. సగంమందికి మందు, సగంమందికి మందు లేని సూది. ఎవరికి ఏది పడిందో వాళ్లకే తెలియదు. మందు పడినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులమందికి గడ్డం కింది కొవ్వు ఒక మెట్టు తగ్గింది. మందు లేని సూది పడినవాళ్లలోనూ సుమారు ఐదో వంతు మందికి తగ్గినట్టే లెక్క వచ్చింది! 2015 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. కైబెల్లా అనేది దాని వ్యాపారపు పేరు.

ఆ అనుమతి దేనికో జాగ్రత్తగా చదవండి. పెద్దవాళ్లకు, గడ్డం కింద కొవ్వుకు, అంతే. ఒక్కో పోటుకు 0.2 మిల్లీలీటర్లు, పోటుకూ పోటుకూ మధ్య ఒక సెంటీమీటరు, ఒక విడతలో యాభై పోట్లకు మించకూడదు, విడతకూ విడతకూ మధ్య కనీసం నెల, మొత్తం ఆరు విడతల లోపు. ఇంత కట్టుదిట్టంగా డాక్టర్లే వేసినా, వాపు, నొప్పి, కమిలిపోవడం, మొద్దుబారడం చాలామందికి వచ్చాయి. సుమారు నూటికి నలుగురికి దవడ దగ్గరి నరం దెబ్బతిని నవ్వు ఒక పక్కకు పోయింది. మెల్లగా సర్దుకుంది లెండి. కొందరికి కొన్నాళ్లు మింగడం కష్టమైంది. అంటే ఇది పని చేయని మందు కాదు. ఉన్నమాట చెప్పాలి, సరైన మనిషికి, సరైన చోట, సరైన డాక్టర్ చేతిలో అది పని చేస్తుంది. పొట్టకు, తొడలకు, చేతులకు మాత్రం ఆ అనుమతి లేదు.

పార్లర్‌లో వేసేది ఏమిటి?

పుంగనూరు చెల్లెలి సంగతికి వస్తాను. డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఒక షోరూంలో చేరింది. ఇంటి దగ్గర సంబంధం చూశారు. పెళ్లిచూపుల్లో ఎవరో పెద్దావిడ "పిల్ల బాగుంది, నడుమే కాస్త..." అని ఊరుకుందట. పూర్తిగా అని ఉంటే బాగుండేది. సగం మాటే రాత్రంతా నిద్ర పట్టకుండా చేస్తుంది. గది దగ్గరి పార్లర్‌కు పోతే, "కొరియా మందు, సోయాతో చేసింది, న్యాచురల్" అన్నారు. ఒక నెల జీతం దాటిన ఖర్చు, వాయిదాల్లో కట్టవచ్చన్నారు. బొడ్డుకు రెండు పక్కలా మూడు వారాల్లో మూడుసార్లు వేశారు. వేసింది డాక్టర్ కాదు. సీసా మీద ఏం రాసుందో ఆ అమ్మాయి చూడలేదు, చూసినా కొరియా భాషలో ఉంది. ఒకే సీసాలోంచి ఇంకో ఇద్దరికి కూడా తీశారని తర్వాత గుర్తు చేసుకుంది.

మొదట వాపు వచ్చింది. "అలాగే ఉంటుంది, మందు పని చేస్తా ఉంది" అన్నారు. ఆఖరి సూది అయిన నెలకు గోళీకాయంత గడ్డలు లేచాయి. ఎర్రబడ్డాయి. ఒకటి పగిలి చీము కారింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది. "అక్కా, పక్కకు తిరిగి పడుకోలేకపోతా ఉన్నా. అమ్మకు చెప్పొద్దు" అంది. మెడికల్ షాపులో అడిగి రెండు రకాల యాంటీబయాటిక్‌లు అప్పటికే మింగింది, తగ్గలేదు. మా ఆస్పత్రికి రమ్మన్నాను.

చీము పరీక్షకు పంపితే రెండు రోజులకు "ఏ క్రిమీ పెరగలేదు" అని వచ్చింది. చర్మ డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టి, "ఎక్కడ సూది వేయించుకున్నావు?" అని అడిగింది. అడిగాకగాని ఈ పిల్ల నోరు విప్పలేదు. అప్పుడు ఇంకో పరీక్ష రాసి, చీమును ఎక్కువ రోజులు ఉంచి చూడమంది. ఆరో రోజు తేలింది. మైకోబ్యాక్టీరియం అబ్సెసస్.

మైకోబ్యాక్టీరియం అనే పేరు మదనపల్లె వాళ్లకు కొత్త కాదు. వందేళ్లు దాటిన ఆరోగ్యవరం శానిటోరియం క్షయ రోగుల కోసం పుట్టిందే. క్షయ క్రిమి పేరు మైకోబ్యాక్టీరియం ట్యుబర్‌కులోసిస్. ఈ అబ్సెసస్ అదే కుటుంబంలో దాయాది. అది మనిషి నుంచి మనిషికి దగ్గుతో వచ్చేది. ఇది మట్టిలో, కొళాయి నీళ్లలో బతుకుతుంది, నీళ్లలో కలిపే క్లోరిన్‌కు కూడా తొందరగా లొంగదు. నీళ్లు తాగితే మనకేమీ చేయదు. సరిగా శుభ్రం చేయని సూది, కొళాయి నీళ్లతో తుడిచిన సామాను, చాలామందికి వాడిన సీసా, వీటి ద్వారా చర్మం కిందికి దిగితే మాత్రం నింపాదిగా ఇల్లు కడుతుంది. కణాలు చచ్చి, వాపు ఉన్న చోటు దానికి ఇంకా అనువు. క్షయకు వాడే మామూలు మందులు దీని మీద చాలావరకు పని చేయవు. వేరే మందులు రెండు మూడు కలిపి, నెలల తరబడి వాడాలి, కొన్నింటిని సూదితోనే వేయాలి. పొట్ట మీద కొవ్వు కోసం సూది వేయించుకున్న పిల్ల, ఆ సూది తెచ్చిన జబ్బు కోసం మళ్లీ రోజూ సూది వేయించుకుంది.

ఇది బెంగళూరు ఒక్క ఊరి గొడవ కాదు. 2005 మొదట్లో అమెరికా రాజధాని వాషింగ్టన్ ప్రాంతంలో అర్హత లేని మనిషి దగ్గర ఇలాంటి సూదులు వేయించుకున్నవాళ్లకు చర్మం మీద గడ్డలు లేచాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ ప్రకటించింది. 2010 ఏప్రిల్‌లో ఔషధ నియంత్రణ సంస్థ అక్కడి ఆరు క్లినిక్‌లకు తప్పుడు ప్రచారం ఆపమని హెచ్చరిక లేఖలు పంపింది. 2023లో మళ్లీ ఆక్వాలిక్స్, లైపో ల్యాబ్, కేబెలైన్ వంటి పేర్లు చెప్పి, ఇవి అనుమతి లేని మందులనీ, శాశ్వతపు మచ్చలు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, నొప్పి పుట్టే గడ్డలు వస్తున్నాయనీ ప్రజలను హెచ్చరించింది. కొన్ని ఇంటర్నెట్‌లో కొనుక్కుని సొంతంగా పొడుచుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారట.

వేరే వైద్యాలతో కలిపేయకండి

మన సినిమా తార ఆర్తి అగర్వాల్ పేరు చెప్పి, "ఆమె కూడా దీనివల్లే కదా" అని కొందరు అడుగుతారు. "నువ్వు నాకు నచ్చావ్" చూడనివాళ్లు ఉండరు. ఆమె 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకుందనీ, ఊపిరి ఇబ్బంది ఉండేదనీ పత్రికల్లో వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఇంత అని మనం తేల్చి చెప్పకూడదు. 2022 మేలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ 21 ఏళ్ల వయసులో కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయింది. ఈ రెండు సందర్భాల్లోనూ వార్తల్లో వచ్చింది ఆపరేషన్, గొట్టంతో కొవ్వు లాగే పద్ధతి. సూది వేరు, అది వేరు. దేని ప్రమాదం దానిదే.

ఈ మధ్య వచ్చిన బరువు తగ్గే సూదులు ఇంకో రకం. టిర్జెపటైడ్ మన దేశానికి 2025 మార్చిలో, బరువు కోసం సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. అవి ఆకలిని తగ్గించి మొత్తం బరువు తగ్గిస్తాయి. పొట్టకు వేసుకుంటారు కాబట్టి పొట్ట కొవ్వే కరుగుతుందనుకోవడం పొరపాటు. డాక్టర్ చీటీ లేకుండా అవీ తీసుకోకూడదు.

ఇన్సులిన్ గురించి ఒక మాట. మన ఇళ్లలో అమ్మానాన్నలు చాలామంది వేసుకుంటున్నారు. రోజూ ఒకే చోట వేస్తే అక్కడ కొవ్వు గడ్డ కట్టి, మందు సరిగా ఒంటికి పట్టదు. చోటు మార్చి వేయమని ఇంటికి వెళ్లినప్పుడు చెప్పండి. వాళ్ల పొట్ట ఒకసారి చేత్తో తడిమి చూడండి కూడా.

వేయించుకోవాలనుకుంటే, వేయించుకుని ఉంటే

ఎవరైనా పెద్దవాళ్లు, తమ డబ్బుతో, గడ్డం కింద కొవ్వు తీయించుకోవాలనుకుంటే అది తప్పని నేను అనను. అది వాళ్ల ఇష్టం. చర్మ డాక్టర్ దగ్గరికో, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో పోండి. ఆ డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉంటుంది, రాసుకోండి. సీసా చేతికి తీసుకుని చూడండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారుచేసినవారి లైసెన్సు నంబరు, బయటి దేశానిదైతే దిగుమతి చేసినవారి పేరు ఉండాలి. మీ ముందే కొత్త సీసా తెరవాలి. ఫోటో తీసుకుంటామంటే వద్దన్నారా, చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి. అడ్వాన్సు పోయినా పర్వాలేదు. బ్యూటీషియన్ కోర్సు చేసిన అక్క మనకు కనుబొమలు చక్కగా తీస్తుంది, తల చక్కగా దువ్వుతుంది. సూది వేయడం ఆమె పని కాదు, ఆమె మంచిదైనా సరే.

ఇప్పటికే వేయించుకుని ఉంటే భయపడి దాచకండి. వేసిన వెంటనే చర్మం తెల్లబడినా, నల్లబడినా, తట్టుకోలేని నొప్పి వచ్చినా, మాట లేదా మింగడం ఇబ్బందైనా ఆ గంటలోనే ఆస్పత్రికి పోవాలి. ఊపిరాడకపోతే 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు, నెల, ఇంకా తర్వాత గడ్డ లేచినా సూది సంగతి డాక్టర్‌కు చెప్పండి. చెప్పకపోతే మామూలు పరీక్షలో ఈ క్రిమి దొరకదు, పైన చూశారు కదా. గడ్డను పిసకవద్దు, షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగవద్దు. మదనపల్లె, పుంగనూరు వాళ్లు మదనపల్లె ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకోవచ్చు. కుప్పం వాళ్లకు అక్కడే పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. మందు వికటిస్తే ఫిర్యాదు చేయడానికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. మనం చెబితేనే అక్కడ లెక్కలోకి వస్తుంది.

ఆ చెల్లెలు పార్లర్‌కు తిరిగి పోయి అడిగితే, "నీ ఒంటికి పడలేదు" అన్నారట. సీసా లేదు, బిల్లు లేదు, ఫోటో లేదు. వాయిదాలు మాత్రం ఇంకో నాలుగు నెలలు కట్టింది.

అమ్మకు చివరికి నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాం. ఆమె బస్సెక్కి వచ్చి, పది రోజులు గదిలో ఉండి, రాగిసంగటి, ఊరిబిండి చేసి పెట్టి, డ్రెస్సింగ్‌కు తనే తోడు వచ్చేది. మొదటి రోజు గాజుగుడ్డ తీస్తుంటే తల పక్కకు తిప్పుకుంది. నాలుగో రోజుకు గిన్నె తనే పట్టుకుంది. సంబంధం వాళ్లు మళ్లీ కబురు పంపితే, పిల్లకు ఒంట్లో బాగాలేదు, తర్వాత చూద్దాం లెమ్మని వాళ్ల నాన్నే చెప్పేశాడట.

గడ్డలు మానాయి. మూడు గుంట మచ్చలు మిగిలాయి. మాత్రలు ఇంకో రెండు నెలలున్నాయి. సుగుటూరు గంగమ్మ జాతరకు ఊరికి వస్తానంది. మీలో పుంగనూరు వాళ్లకు కనబడితే, ఈ వ్యాసంలో అమ్మాయివి నువ్వేనా అని మాత్రం అడగకండి.